బంధుత్వం గడి

సరస్సు అంచులు గడ్డకట్టే నెలలో చేరాను.
పాత లైబ్రరీ కింద నేలమాళిగ, దగ్గే హీటరు, ఒక కౌంటరు.
ఇటువైపు వెర్నా కోస్కెలా, ఇరవయ్యారేళ్లుగా.
అటువైపు, సెలవు కావలసిన లోకమంతా.

మొదటి రోజే చెప్పింది:
"జబ్బు గంటలు వేరు, విశ్రాంతి గంటలు వేరు.
నూనె, నీళ్లు అనుకో. కలపకు.
ప్రొఫెసర్లకి ఏడేళ్లకోసారి ఓ ఏడాది దొరుకుతుంది.
దాన్ని సెలవు అనకు, నొచ్చుకుంటారు. పరిశోధన అను."
"మరి బాయిలరు మనిషికి ఏడేళ్లకి ఏమిస్తారు?"
"కొత్త బూట్లు," అంది తలెత్తకుండా.

నవంబరు పదిహేను, జింకల వేట మొదలు.
ఆ వేకువన ఊళ్లో సగంమందికి జ్వరం.
ఫోన్లో దగ్గుతారు,
వెనక ట్రక్కు ఇంజను గుర్రుమంటూ ఉంటుంది.
వెర్నా అందర్నీ నమ్ముతుంది.
"నమ్మితే మాంసం పంపుతారు."

చావుకి మూడు రోజులు.
భార్య, భర్త, అమ్మ, నాన్న, బిడ్డ, తోబుట్టువు.
మేనమామకి ఒకటి.
అడిగేవాడి నోటా సెలవే, పోయేవాడి నోటా సెలవే,
ఆ రెంటి మధ్యా మా ఫారం, నీలం సిరాతో మాత్రమే నింపాలి.

గ్రీన్‌హౌసు చూసుకునే ఆర్లెన్ హియెటాల వచ్చాడు,
టోపీని రెండు చేతుల్లో నలుపుతూ.
"పక్కింటావిడండీ. నాకేమీ కాదు.
పదేళ్లు రొట్టె పెట్టింది, అంతే."
వెర్నా ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది.
బంధుత్వం గడిలో 'తల్లి' అని తనే రాసి
స్టాంపు గుద్దింది.

పాత ఫైళ్లు సర్దుతుంటే ఆమె సొంత కాగితం ఒకటి దొరికింది:
అరపూట, కారణం పంటి డాక్టరు.
ఆమె బల్ల మీద ఐనెజ్ అనే ఆవిడ ఫొటో ఉంది.
ఫ్రేము మీద చెక్కిన రెండో తేదీ
ఆ అరపూటదే.
నేనేమీ అడగలేదు. ఫైలు ఉన్నచోటే పెట్టేశాను.

జనవరిలో, రాత్రిళ్లు గదులు ఊడ్చే డెల్ఫిన్ రూసెన్‌కి
మూత్రపిండాలు మొండికేశాయి.
పన్నెండు వారాలు ఉద్యోగం ఉంటుంది, జీతం ఉండదు.
చీపురుకి సెలవు, కడుపుకి లేదు.
గంటలు దానం చేయవచ్చని గోడ మీద నోటీసు అంటించాం.
కెమిస్ట్రీ నుంచి నలభై వచ్చాయి.
ఉత్తరాలు పంచే కుర్రాడు రెండు ఇచ్చాడు, వాడికున్నవి ఐదు.
ఓ డీన్ వంద ఇచ్చి, తన పేరు వేయమన్నాడు.
'అజ్ఞాత దాత' అని టైపు చేసింది వెర్నా.

ఆమె ఖాతాలో పద్నాలుగు వందల పన్నెండు గంటలున్నాయి.
జబ్బుపడని మనిషి కూడబెట్టుకోగలిగిన ఆస్తి.
మే నెలలో రిటైరవుతుంది. ఆ మర్నాడు అవి లేనట్టే.

ఎవరి కాగితం వాళ్లు మంజూరు చేసుకోకూడదు, అది నియమం.
అందుకే ఓ గురువారం, స్వెటరు సర్దుకుని,
అడ్డపలక ఎత్తి, చుట్టూ తిరిగి వెళ్లి,
ఇద్దరి వెనక క్యూలో నిలబడింది.
పొట్టి మనిషని అప్పుడే తెలిసింది.
ఇన్నాళ్లూ ఎత్తు స్టూలు మీదే చూశాను.

ఫారం తోసింది. వెయ్యి గంటలు.
గ్రహీతతో బంధుత్వం:
"నేను మర్చిపోయిన లైటు ఆర్పే మనిషి."

కంప్యూటరు జాబితా కిందిదాకా వెతికాను. అలాంటిది లేదు.
గడి ఖాళీగా ఉంటే అది ముందుకి కదలదు.
ఆర్లెన్ టోపీ గుర్తొచ్చింది.
'తోబుట్టువు' మీద నొక్కాను.
స్టాంపు ఎండిపోయుంటే నోటి ఆవిరి ఊది గుద్దాను,
కొంచెం వంకరగా పడింది.

ఆమె దాన్ని సరిచూసి, మడిచి, జేబులో పెట్టుకుని
"తర్వాతివాళ్లు," అంది,
అలవాటుగా,
అటువైపు నిలబడే.